తలకిందులు చేసిన ప్రూఫు

ఎదురింటాయన స్కూటర్ చైను కిరసనాయిలుతో తుడుస్తున్నాడు. ఆ వాసన తగిలితే చాలు, మద్దిలపాలెంలోని మా పాత ప్రెస్సు, అందులో నల్లబడ్డ వేళ్ళతో సీసం అక్షరాలు కడిగే సింహాచలం మేస్త్రి గుర్తొస్తారు. ముప్పై ఏళ్ళు అక్షరం పక్కన అక్షరం పేర్చిన మనిషి. తొంభైల్లో మా ఓనరు కంప్యూటర్ కొని, దాని ముందు నన్ను కూర్చోబెట్టి, ఆయన్ని మాత్రం నెలాఖరుకి మానెయ్యమన్నారు. అంటే ఆయన పని లాక్కున్నది నేనే. అది తెలిసి కూడా ఎంత పొగరుగా ఉండేదాన్నో!

నా మొదటి పెద్ద పని ఒక చర్చి పాటల పుస్తకం. ప్రూఫు చూసి పాస్టరుగారు పెదవి విరిచారు. "తప్పుల్లేవమ్మా. కానీ చదువుతుంటే చూపు తడబడుతోంది. మా ముసలమ్మల వల్ల కాదు" అన్నారు. ఎక్కడ తడబడుతోందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. "అక్షరాలన్నీ కంప్యూటరే సర్దుతుంది కదండీ" అన్నాను. మూలనున్న మేస్త్రి నవ్వారు.

పాస్టరుగారు వెళ్ళాక, "ఇలగియ్యమ్మా" అని కాగితం అందుకుని తలకిందులుగా పెట్టారు. "ఇప్పుడు సదవలేవు కదా? సదవకు. మద్దిన తెల్లగా ఉన్నాది సూడు."

చూశాను. ఓరి నాయనో! ఒక మాట మధ్యలో బస్సు పట్టేంత సందు. ఆ పక్కనే రెండు మాటలు అతుక్కుపోయాయి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల నెత్తిన కూర్చున్నాయి. ఆయన ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కటీ గీశారు. "మా సీసానికైతే మాటలు అతుక్కున్న సోట సిగరెట్ కాగితం ముక్క దూర్సీవోళ్ళం. నీకేటి, మీట నొక్కితే జరుగుతాది."

ఉండబట్టలేక అడిగేశాను. "మీరు వెళ్ళిపోతున్నారు కదా మేస్త్రిగారూ, నాకెందుకు చెబుతున్నారు?"

"నాను ఎలిపోతే సదివీవోళ్ళు కూడా ఎలిపోతారేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు రోజులు ఆ ఎర్ర గీతల వెంట పడి పుస్తకమంతా సర్దాను. పాస్టరుగారు కొత్త ప్రూఫు చదివి, "ఇప్పుడు హాయిగా ఉంది" అన్నారు. ఓనరు నన్ను మెచ్చుకోబోతే, ఎర్ర గీతల ప్రూఫు ఆయన ముందు పెట్టి చెప్పేశాను. "సార్, ఇదంతా మేస్త్రిగారి కన్ను. ఆయన లేకపోతే ఈ పని నాకు చేతకాదు." ఓనరు ఆ గీతలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. మర్నాడు నా కంప్యూటర్ పక్కన ఇంకో కుర్చీ పడింది. మేస్త్రి ఎనిమిదేళ్ళు అందులోనే కూర్చున్నారు.

ఇప్పుడు సీతమ్మధారలో నాకు సొంత షాపుంది. కొత్తగా చేరిన అమ్మాయి నిన్న పెళ్ళికార్డు ప్రూఫు తెచ్చి, "సందులవీ కంప్యూటరే సూసుకుంటాది కదా మేడం" అంది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. కాగితాన్ని తలకిందులుగా పెట్టి, ఆమె పక్కకి ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.