గిన్నెలకీ పళ్ళకీ ఒకటే తోముడు

మా ఇంట్లో పళ్ళపొడి మండపేట నుంచి వచ్చేది. పెదనాన్నగారు అక్కడొక రైసుమిల్లులో గుమస్తా. ఊకతో మండే బాయిలరు కింద మిగిలిన బూడిదను గోనెసంచిలో నింపి బస్సు మీద వేయించి రాజోలు పంపేవారు. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, దాన్ని పాత చీరముక్కలో జల్లించి, ఉప్పు కలిపి రెండు డబ్బాల్లో పోసేది. ఒకటి నూతి దగ్గర గిన్నెలకి, ఇంకొకటి పెరటి గుమ్మం పక్కన మాకు.

"వేలు ఆనిస్తే పన్ను కిచకిచమనాలి. అప్పుడే తోమినట్టు" అనేది మామ్మ.

నేను ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. ఎప్పుడైనా విప్పాల్సి వస్తే పళ్ళయినా తెల్లగా కనపడాలని పట్టుదల. డిగ్రీలో చేరాక పొద్దునా సాయంత్రమూ తోమడం మొదలుపెట్టాను. వేలితో చాలదనిపించి కొబ్బరిపీచు కూడా వాడాను. ఉప్పూ కారంతో పుల్లమామిడి తిన్న రోజున, నోరు పులిసిందని వెంటనే ఇంకోసారి తోమేదాన్ని.

రెండో సంవత్సరంలో ఒక పొద్దున కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాను. ఎడమవైపు పళ్ళలోంచి చెవి దాకా జివ్వుమంది. గ్లాసు కింద పెట్టి గోడ పట్టుకున్నాను. ఆ రోజు డైరీలో "ఇవాళ మంచినీళ్ళు కరిచాయి" అని రాసుకున్నాను. వారం తిరిగేసరికి కాఫీ కూడా కరిచింది. కాలేజీ ప్రార్థనలో పాట పాడుతుంటే గాలి తగిలినా చాలు, గొంతు ఆగిపోయేది. నేను పాడటం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. ముందునుంచీ నా పాట వినపడేది కాదు మరి.

లవంగనూనె రాశారు. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. లేత జామాకు నమిలించారు. కాసేపు తిమ్మిరిగా ఉండేది, మళ్ళీ మామూలే.

"ఎందుకొచ్చిన గోలే? పీకించి పారెయ్యండి. మీ అమ్మకి పీకించలా? హాయిగా ఉంది" అంది మామ్మ.

అమ్మకి ముప్పై ఏళ్ళ వయసులో ఇలాగే జివ్వుమంటే, ఎవరో పళ్ళు పీకే ఆయన చేత రెండు నెలల్లో అన్ని పళ్ళూ తీయించేశారు. పెట్టుడు పళ్ళతోనే అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పేది. మామ్మ నా పళ్ళూ పీకించమన్నప్పటికి నాకు పందొమ్మిదే. రాత్రిపూట గాజుగ్లాసులో నీళ్ళలో మునిగి ఉండే ఆ పళ్ళసెట్టు పక్కన ఇంకో గ్లాసు పెడతారని నాకు ఖాయమైపోయింది.

పీకించడానికే అమ్మ నన్ను అమలాపురం తీసుకెళ్ళింది. ముందురోజు చిన్నమ్మగారింట్లో దిగాం కనుక, పొద్దున తోముకోవడానికి బూడిద పొట్లం కూడా సంచిలో వచ్చింది.

దంతాల డాక్టరుగారు రబ్బరు బుడ్డితో ఒక్కొక్క పన్ను మీదికీ గాలి ఊదారు. నాలుగుచోట్ల కుర్చీలోంచి లేచిపోయాను.

"పుచ్చు ఎక్కడా లేదండి. విరిగిందీ లేదు. సెన్సిటివ్ అయిపోయేయి" అన్నారు.

"పళ్ళేనాండీ? పిల్లే సెన్సిటివండి. చుట్టాలొస్తే గది తలుపేసుకుంటుంది" అంది అమ్మ.

ఆయన నవ్వి, "దేంతో తోముతుందండి?" అని అడిగారు.

"పేస్టులూ గట్రా మాకు పడవండి. మిల్లు బూడిదేనండి, మండపేటది" అంటూ అమ్మ గర్వంగా పొట్లం విప్పింది.

ఆయన బల్ల మీదున్న చిన్న గాజుపలక తీసి, చిటికెడు బూడిద వేసి వేలితో పదిసార్లు రుద్దారు. తుడిచి కిటికీవైపు ఎత్తి పట్టుకున్నారు. గాజు నిండా సన్నటి గీతలు.

"తోమడం గిన్నెలకండి. పళ్ళకి కాదు" అన్నారు.

మన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఇంతవరకూ ఎవరూ విడదీసి చెప్పలేదు.

తర్వాత నా చేతికి అద్దం ఇచ్చి, నోట్లో ఇంకో చిన్న అద్దం పెట్టి చూపించారు. చిగురు వెనక్కి జరిగింది. అక్కడ పన్ను మీద గోటితో నొక్కినట్టు గాటు.

"పైనుండే పింగాణీ ఒక్కసారే ఇస్తాడమ్మా దేవుడు. గోరులాగా మళ్ళీ పెరగదు. దాని కింద కంటికి కనపడనంత సన్నటి దారులుంటాయి. తిన్నగా నరం దగ్గరికి పోతాయి. మూత అరిగిపోతే వేడీ చల్లా లోపలికి నడుచుకుంటూ వెళ్ళిపోతాయన్నమాట."

నేను అద్దం దించలేకపోయాను. పన్నంటే నోట్లో పాతిన గులకరాయి అనుకున్నాను ఇన్నాళ్ళూ. దానిలో దారులున్నాయి. ఆ దారుల చివర ఒక ప్రాణం కూర్చుని, బయట ఏముందో నిమిషనిమిషానికీ కబురు అందుకుంటోంది. నేను దాని ఇంటి గోడను రోజుకి రెండుసార్లు పీచుతో గీకాను. అది పాడవలేదు, ఊరికే అరిచింది. పుస్తకాల్లో నక్షత్రాల దూరాల గురించి చదివినప్పుడు కూడా నాకంత ఆశ్చర్యం కలగలేదు.

"అయితే... పీకరాండీ?" అన్నాను. ఆ గదిలో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఒక్కటి కూడా పీకనమ్మా. బూడిద మానెయ్యి. మెత్తటి బ్రష్షుతో, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు తుడుచుకో. పులుపు తింటే నీళ్ళతో పుక్కిలించి ఊరుకో, వెంటనే బ్రష్షు పట్టుకోకు. ఈ మందు పేస్టు వాడు. నెలా నెలన్నరలో తగ్గుతుంది. తగ్గకపోతే మళ్ళీ రా." గాట్ల మీద ఏదో మందు కూడా పూశారు.

"ఆయ్" అని తలూపాను.

అమ్మ లేవలేదు. బూడిద పొట్లాన్ని మడత మీద మడత పెడుతూ అడిగింది. "నాకూ ఇలాగే జివ్వుమనేదండి. పుచ్చుల్లేవండి. అయితే నావి కూడా పీకించక్కర్లేదాండీ?"

డాక్టరుగారు గాజుపలకను బల్ల మీద పెట్టేశారు. "చూడకుండా చెప్పకూడదు టీచరుగారండీ" అన్నారు. కానీ ఆయన అమ్మవైపు చూడకుండా అన్నారు.

తిరుగుబస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. అమ్మకి మామ్మ మీద కోపమొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చాలా దూరం పోయాక నావైపు తిరిగింది.

"జివ్వంటే ఎలా ఉంటుందే? మర్చిపోయేను. చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ముందు నీళ్ళ చల్లదనం, తర్వాత సూదిలా గుచ్చుకోవడం, చెవి దాకా పాకడం, కళ్ళలో నీళ్ళు తిరిగి ఒక్కసారిగా వదిలెయ్యడం. వెనక సీట్లోవాళ్ళు వింటున్నారని తెలిసినా ఆపలేదు. అమ్మ పెదవులు బిగించి, ఒక్కొక్క ముక్కకీ తలూపుతూ, రాజోలు వచ్చేదాకా వింటూనే ఉంది.