ఆయన మోటారు ఐదు హెచ్‌పీదే

నల్లమాడ వైపు ఒక పల్లెలో ఎనిమిదేళ్ల కిందట ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాన్ని కాల్చింది ఫలానా రైతే అని, దొంగతనంగా పెద్ద మోటారు దింపి తొమ్మిది మంది పంటలు ఎండబెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో కూడా. కదిరి బస్టాండు దగ్గర టీ తాగుతూ ఎవరో ఎవరికో చెబుతుంటే నేనూ విన్నాను. ఆ మాట అబద్ధం. అబద్ధమని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. ఆయనకు మోటారు అమ్మింది నేనే. తక్కినవాళ్లలో ఆరుగురికి అమ్మిందీ నేనే.

నాకిప్పుడు యాభై రెండేళ్లు. కదిరిలో మా నాయన పెట్టిన ఇనుప సామాన్ల అంగడిని మోటార్ల అంగడిగా మార్చింది నేను. ఈ వ్యాపారం ఎలా సాగుతుందో తెలియనివాళ్లకు నేను చేసిన తప్పు అర్థం కాదు. అందుకని ముందు అది చెబుతాను.

మోటారు కోసం వచ్చిన రైతు వస్తూనే మోటారు మాట ఎత్తడు. పైపుల కట్ట మీద కూర్చుంటాడు, నీళ్లు అడుగుతాడు, వానల మాట మాట్లాడతాడు. ఎన్ని అడుగులకు బోరు వేశావంటే నిజం చెబుతాడు. నీళ్లు ఎంత పడ్డాయంటే మాత్రం చెప్పడు. ఒకటిన్నర ఇంచు పడితే రెండంటాడు, లేదా పక్కన మనుషులుంటే అసలేమీ పడలేదంటాడు. మా సీమలో బోరు నీళ్లు ఇంటి గుట్టు. పక్క చేనువాడు యాభై గజాల దూరంలో ఇంకో బోరు వేస్తే ఇద్దరూ తాగేది ఒకే నీరు. ముందు ఎవడు లాగితే వాడిది. అందుకే అందరికీ ఒక నమ్మకం, మోటారు ఎంత పెద్దదైతే నీరు అంత తన వైపు వస్తుందని.

అయితే కరెంటు కనెక్షన్ ఐదు హెచ్‌పీకి ఇచ్చి ఉంటారు. ఏడున్నర కావాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి, తిరగాలి. కాబట్టి రైతు నలుగురి ముందు ఐదు హెచ్‌పీ మోటారే బేరం చేసేవాడు. నలుగురూ వెళ్లాక నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించేవాడు. "సావుకారీ, ఏడున్నర ఉండాదా? ప్లేటు మాత్రం ఐదుదే ఉండల్ల."

ఉండేది. నేను తెప్పించే మోటార్లతో పాటు, అడిగితే, వేరే హెచ్‌పీ అంకె వేసిన ప్లేటు రేకులు కూడా కంపెనీవాళ్లు పంపేవాళ్లు. వాటిని ఒక ఖాళీ డబ్బాలో రివిట్లతో పాటు పెట్టుకున్నాను. అంగడి వెనక గదిలో ఏడున్నర ప్లేటు ఊడదీసి ఐదు ప్లేటు నా చేతులతోనే బిగించేవాణ్ణి. ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాణ్ణి: "నీకొక్కనికే ఇస్తాండా. యాడా అనద్దు." ఆ మాటతో ప్రతివాడూ సంతోషంగా వెళ్లేవాడు. ఊళ్లో తనకొక్కడికే పెద్ద మోటారు ఉందనుకునేవాడు.

ఆ పల్లె ట్రాన్స్‌ఫార్మర్ ఐదు హెచ్‌పీ మోటార్లు పదింటిని మోయడానికి పెట్టింది. ఆరుగురు ఎవరికి వాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా దగ్గర ఏడున్నర తీసుకున్నారు. లెక్క నాకు తెలుసు. అంగడిలో కూర్చుని ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు.

ఆయన వచ్చిన తీరు వేరు. నాకంటే పదేళ్లు పెద్ద. రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, ఏడేళ్ల చెట్లు, అప్పుడప్పుడే బాగా కాయ పడుతోంది. పాత బోరు ఎండిపోతే ఇంకోటి చాలా లోతుకు వేయించాడు. అంగడి నిండా జనం ఉండగానే, తన బోరులో ఇంచుంబావు నీళ్లు పడ్డాయని, దానికి ఏది సరిపోతుందో చెప్పమని అడిగాడు. తన నీళ్ల లెక్క అలా నలుగురిలో ఉన్నదున్నట్టు చెప్పిన రైతును అంతకుముందు చూడలేదు. నేను కూడా ఆయనకు నిజమే చెప్పాను. నీళ్లు తక్కువ, లోతు ఎక్కువ కాబట్టి పెద్ద మోటారు దండగ, మోటారు ఐదుదే చాలు, దాని మీద పంపు మాత్రం పొడుగుగా ఉండాలి, లోపల తిరిగే చక్రాలు ఎక్కువ ఉంటే పైకి తోస్తుంది అన్నాను. సరేనన్నాడు. ఆ పంపు మామూలు పంపుల కంటే రెండు మూరలు పొడుగు. ట్రాక్టరు ట్రాలీలో పట్టక వెనక బయటికి వచ్చింది. దానికి ఎర్ర గుడ్డ కట్టుకుని ఊరి నడుమ నుంచి తీసుకుపోయాడు.

నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. కరెంటు రాగానే మోటార్లు వాటంతటవే తిరిగేలా అందరూ స్టార్టర్లు పెట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి అందుకున్నాయి. ఆయిలు కారి, పొగ వచ్చి, అంతే. కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. టమోటా తోటలు, మల్బరీ కళ్లముందే వాడిపోయాయి. కోపం ఎవరి మీదైనా పడాలి. పొడుగు పంపు ఊరంతా చూసి ఉంది, అంత పొడుగుంటే మోటారు కూడా పెద్దదే అనుకున్నారు.

ఆయన ఒక్కటే అన్నాడట, మోటారు పైకి లేపి చూసుకోండని. పొద్దున్నుంచి పదిమంది గొలుసుతో పైపులు ఒక్కొక్కటే లాగి మోటారు బయటికి తీశారు. ప్లేటు తుడిచి చూశారు. ఐదు హెచ్‌పీ. అప్పుడు ఊళ్లో పెద్దమనిషిగా మాట్లాడే రైతు ఒకడు నవ్వాడట. "ప్లేటుదేముందప్పా. ప్లేటును నమ్మితే రేషన్ కార్డులో రాసిన వయసు కూడా నమ్మల్ల." అందరూ నవ్వారట. నవ్వినవాళ్లలో చాలామందికి తమ ప్లేట్ల సంగతి తెలుసు, అందుకే ఆయన ప్లేటును నమ్మలేకపోయారు. ఆ గుంపులో ప్లేటు నిజం చెబుతుందని అనుకున్నవాడు ఆయనొక్కడే. నవ్విన పెద్దమనిషి అంతకు రెండేళ్ల ముందు నా దగ్గర ఏడున్నర తీసుకున్నాడు.

మర్నాడు ఆరుగురు నా అంగడికి వచ్చారు. ఆయనా వచ్చాడు. చెప్పులు బయట విడిచి గడప దగ్గరే నిలబడ్డాడు. "చెప్పు సావుకారీ," అన్నాడు. "నువ్వే గదా ఇచ్చినావు."

నేను వచ్చినవాళ్ల ముఖాలు చూశాను. ఆయన కాక మిగిలిన ఆరుగురిలో నలుగురు నా ఏడున్నరలవాళ్లు. నలుగురూ, ఒకరికి తెలియకుండా ఒకరు, నన్నే చూస్తున్నారు. ఆయనది ఐదే అని నేను అంటే, మరి ఎవరిది పెద్దది అనే ప్రశ్న వస్తుంది. దాని వెనక కరెంటు ఆఫీసువాళ్లు, దాని వెనక నా డబ్బాలోని రేకులు. అప్పుడు నేను అన్న మాట ఇది: "నేను అమ్మింది నాకు తెలుసు. బోర్లోకి దింపింది ఏందో నాకెట్ల తెలుస్తాది?"

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ సాయంత్రం అంగడి మూస్తూ, అబద్ధం ఆడకుండానే గట్టెక్కానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఆయన నన్ను తిట్టలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆయన తీగ కలపడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. లైన్‌మన్ చూసీ చూడనట్టు పోయాడు. ఆఫీసుకు వెళ్తే, ముందు మీ ఊరివాళ్లను ఒప్పించుకుని రా అన్నారట. నెలన్నర ట్యాంకరుతో నీళ్లు పోయించాడు. చీనీ చెట్టు ఒక్కసారిగా చావదు. ఆకు చుట్టుకుంటుంది, పిందె రాలుతుంది, కొమ్మ చివర నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. నడుమ ఒక వాన పడితే చిగురు కూడా వేస్తుంది, మనిషిని మోసం చేయడానికి. మరుసటి ఏడు ఆ వైపు పనిమీద వెళ్తే తోట ఉన్నచోట మొద్దులు కనిపించాయి. కట్టెల మిషనుకు తోలేశాడట. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరుకు ఇంకో దారిలో పోదామని చెప్పాను.

ఆ తర్వాత రేకులు మార్చడం మానేశానని రాయాలని ఉంది. మానలేదు. ఇంకో రెండేళ్లు మార్చాను. గిరాకీ అట్లా ఉందని, నేను ఇవ్వకపోతే పక్క అంగడివాడు ఇస్తాడని అనుకున్నాను.

పోయిన ఎండాకాలం అదే పల్లెవాళ్లు పైపులు, వాల్వులు కొనడానికి వచ్చారు. కొత్త బోర్లు వేసి వేసి అలిసిపోయారు. ఉన్న బోర్లన్నీ ఒక పైపుకు కలిపి, వాన మొహం చాటేసినప్పుడు అందరి వేరుశనగ చేన్లకూ ఒకటి రెండు తడులు ఇచ్చుకోవాలని అనుకున్నారు. మంచి ఆలోచన. చేన్ల పటం కాగితం మీద గీసుకొచ్చారు. పైపు పోయే దారిలో పదకొండు చేన్లు, అడిగిన వాల్వులు పది. ఒకటి మరిచిపోయారేమో అన్నాను.

పెద్దమనిషి కాగితం మీద ఆయన చేను దగ్గర వేలు పెట్టాడు. "ఆయప్ప గట్టు మీంచే పోతాది పైపు. పోనీలే అన్నాడు, అడ్డం చెప్పలేదు. వాల్వు మాత్రం ఇయ్యం. ఆయప్ప చేతికి నీళ్లిచ్చేది ఎట్ల, ఒగ తూరి చూసినాం గదా."

పది వాల్వులు కట్టి ఇచ్చాను. వాళ్లు వెళ్లాక పదకొండోది తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి కూడా నోరు మూసుకుని ఉండవచ్చు, ఏమీ కాదు. వానకు వేసుకునే వేరుశనగ ఇంకోసారి ఎండుతుంది, అదీ ఆయనొక్కడిదే.

కాలువ తవ్వే రోజు పొద్దున్నే ఆ వాల్వు సంచిలో వేసుకుని వెళ్లాను. అందరూ అక్కడే ఉన్నారు. ఆయన కొంచెం దూరంలో తన గట్టు మీద ఉన్నాడు, చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి. తోట పోయాక ఆయన బతుకు ఆ గొర్రెలే. నేను ఎవరినీ పక్కకు పిలవలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన ఏడు ఆయన మోటారు ఐదుదే అని, పంపు పొడుగని నేనే చెప్పి ఇచ్చానని, ఏడున్నరలు తీసుకున్నది ఆరుగురని, ఐదు ప్లేట్లు బిగించింది నేనని చెప్పాను. ఆ ఆరుగురూ ఎవరో మాత్రం చెప్పలేదు.

చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఒకడు పక్కవాడి వైపు తిరిగాడు. "నీకూ ఇచ్చినాడా?"

"నాకొక్కనికే అని చెప్పినాడే."

"నాకూ అదే చెప్పినాడు. మా ఇంట్లో ఆడోళ్లకు కూడా చెప్పలేదు నేను."

ఒకడు నవ్వాడు. ఇంకొకడు నన్ను బూతు తిట్టాడు. ఎవరు ముందు తీసుకున్నారు, ఎవరి బోరు ఎవరి మోటారు వల్ల ఎండింది అని వాళ్లలో వాళ్లే గట్టిగా మాట్లాడుకున్నారు. ఎంతసేపటికీ ఆయన ఊసు రాలేదు. చివరికి పెద్దమనిషి పారకు అంటిన మన్ను కాలితో రుద్దుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఆ వాల్వు ఇట్ల తే" అన్నాడు. ఆయన గట్టు దగ్గర పైపు కోసి వాల్వు పెట్టారు. ఆయనతో ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కూడా వచ్చి ఆ చివర పైపు పట్టుకున్నాడు.

పని అయ్యాక ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయనే మాట్లాడాడు. "ఆ పొద్దు చెప్పింటే కూడా ఇంతసేపే పట్టేది గదప్పా."

నేను అవునన్నాను.

కొంతదూరం గొర్రెల వెనక నడిచాక, ఇంటికి రమ్మన్నాడు. ఊళ్లోవాళ్లకు చెప్పిన మాటే తన భార్యకు కూడా చెప్పమన్నాడు. ఆమె ఇంటి ముందు పంచలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు వలుస్తోంది. సావుకారి ఒక మాట చెబుతాడట, విను అన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. చెప్పడం అయ్యాక నన్ను కాదు, ఆయన్ను చూసింది.

"ఆ పొద్దు నువ్వు చెప్పినావు. నేను నమ్మలేదు."

"తెలుసు."

"తెలిసి, ఇంకో తూరి ఎందుకు చెప్పలేదు?"

ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నువ్వే నమ్మకపోతే ఇంకెవరికి చెప్పేదిలే అనుకుంటి."

ఈ ఎనిమిదేళ్లూ నేను పోయిన చెట్లనే లెక్కపెట్టుకున్నాను. ఆ ఇంట్లో ఇదొకటి జరిగిందని నాకు తెలియదు. క్షమించమని ఆమెను అడగాలనుకుని ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె కాయల కుప్పలో సగం ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చుని వలవడం మొదలుపెట్టాడు.

"నువ్వు పో సావుకారీ," అంది ఆమె, తల ఎత్తకుండా. "నీ మాట అయిపోయింది గదా."