పాటలో లేని మూడు దెబ్బలు

దెయ్యాలున్నాయన్న వాళ్లతో నేను పడని తగువు లేదు. మా ఆడపడుచు గుమ్మానికి దిష్టి నిమ్మకాయలు కడితే, వాటిని విప్పి పులిహోర కలిపినదాన్ని. ఇరవై ఏళ్లుగా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఇది చదివి నాకు మతి చలించిందనుకునేవాళ్లు ముందు నాతో వాదించి గెలవాలి.

నాకు చిన్నప్పటి నుంచీ శబ్దాలు పడవు. స్టీలు గ్లాసు కిందపడితే పళ్లు జివ్వుమంటాయి. కుక్కర్ పెట్టి పెరట్లోకి పోయి నిలబడతాను. ఆటో హారన్ల మీద నేను పెట్టుకున్న గొడవలు అరసవల్లిలో మా వీధి వీధంతటికీ తెలుసు. అలాంటి నా కడుపున డ్రమ్స్ వాయించే పిల్ల పుట్టింది.

మా నాన్న సంగతి దీనికి పూర్తిగా రివర్సు. జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు మగ్గం నడిపారు. ఆ మోతకు రెండు చెవులూ పోయాయి. లోపల ఎంత అరిచినా వినబడదు కాబట్టి అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకునేవారట. ఆ సైగలే మా ఇంట్లోకీ వచ్చాయి. రెండు పిడికిళ్లూ గుండెకు లాక్కుంటే ‘చెయ్యి తీసెయ్’ అని అర్థం. మా అమ్మాయి సౌమ్య పాకే వయసులో పొయ్యి దగ్గరికి పోతే తాత చేసింది ఆ సైగే. దానికి మాటలకంటే ముందు అదే వచ్చింది.

కిందటేడు సౌమ్యా, దాని స్నేహితులూ ఒక రాక్ పాట కట్టారు. కాలేజీ వార్షికోత్సవంలో వాయించాలి, నేను ముందు వరసలో కూర్చోవాలి. చెవులు కావాలో కూతురు కావాలో తేల్చుకోమంది. సరేనన్నాక పాపం నాకోసం పాట మొత్తం కాగితం మీద రాసిచ్చింది. ఎక్కడ మెల్లగా ఉంటుంది, ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ ఉలిక్కిపడతానో అన్నీ. మూడో నిమిషం దగ్గర ఇలా రాసింది: ‘ఇక్కడ అంతా ఆగిపోద్ది. నాలుగు సెకన్లు ఏటీ ఉండదు. తర్వాత ఒక్కసారే పేలుద్ది. దానికి ముందు నీ వైపు చూస్తాను. తట్టుకోలేనంటే చెప్పు.’

కార్యక్రమానికి పది రోజుల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల మీద స్పీకర్ పెట్టి పాట వినిపించింది. నన్ను అరచెయ్యి బల్లకు ఆనించమంది. నాన్న కూడా వచ్చి అటు చివర కూర్చుని, కిటికీలోంచి వీధి చూస్తూ చెయ్యి ఆనించారు. ఆయనకు ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా గోడ పట్టుకుంటే తెలుస్తుంది.

మొదట బస్సు ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు సీటు అదిరినట్టు ఒక అదురు మోచేతిదాకా వచ్చింది. దాని మీద గిటారు, బండ మీద పళ్లెం ఈడ్చినట్టు. డ్రమ్స్ చెవికి కాదు, రొమ్ము ఎముకకు తగిలాయి. కాగితం చూసుకుంటూ ఓర్చుకున్నాను. నిజం చెప్పాలంటే బాగుంది కూడా.

మూడో నిమిషంలో అంతా ఆగింది. ఆ ఖాళీలో కర్ర మీద కర్రతో కొట్టినట్టు రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి మూడోది. నా అరచేతి కిందే.

అదే క్షణంలో నాన్న రెండు చేతులూ గుండెకు లాక్కున్నారు.

“పైడయ్య ఎందుకు కొడతన్నాడే?” అని చెవిటివాళ్ల గొంతుతో గట్టిగా అడిగారు.

సౌమ్య పాట ఆపేసింది. “అక్కడ ఏటీ లేదమ్మా. నీకు ఉన్న సౌండ్లే కాదు, లేనివీ పడవేటి?” అంది. కంప్యూటర్లో తెరిచి చూపించింది. ఆ నాలుగు సెకన్ల దగ్గర శబ్దం గీత చదునుగా ఉంది.

పైడయ్య ఎవరని నాన్నను సైగతో అడిగాను. పక్క మగ్గం మనిషట. మగ్గం తిప్పే ముందు చట్రం మీద కర్రతో మూడుసార్లు కొట్టడం వాళ్ల పద్ధతి. వినబడదు గాని, లోపల చెయ్యి పెట్టినవాడికి అదురు తెలిసి తీసేస్తాడు. రెండు వెంటవెంటనే, ఒకటి ఆగి కొట్టడం పైడయ్య అలవాటు. ఒకరోజు ఎవరో కొట్టకుండా మగ్గం తిప్పేశారు. పైడయ్య చెయ్యి లోపలుంది. మనిషి దక్కలేదు. అంతవరకు చెప్పి నాన్న లేచి వెళ్లిపోయారు.

ఆ పది రోజులూ నాకు నిద్ర లేదు. దాన్ని వాయించవద్దని చెప్పాలనిపించేది. ఏమని చెప్పను? చచ్చిపోయినవాడు నీ పాటలో తలుపు కొట్టాడనా? పిల్లకు ఏమైనా అవుతుందన్న భయం ఒకవైపు, ఇన్నేళ్ల నా నోరు ఒకవైపు. నోరే గెలిచింది. చెప్పలేదు.

వార్షికోత్సవం సాయంత్రం చెవుల్లో దూది కుక్కుకుని ముందు వరసలో కూర్చున్నాను. కుర్చీ అంచు పట్టుకుని కాగితం ప్రకారం వెళ్తున్నాను. మూడో నిమిషంలో అంతా ఆగింది. మోగుతున్న ఇత్తడి పళ్లేల్లాంటి సింబల్స్ ఆగడానికి సౌమ్య ముందుకు వంగి రెండు చేతులతో వాటిని పట్టుకుంది. అన్నట్టే నా వైపు చూసింది.

కుర్చీలో మూడు దెబ్బలు. రెండు, ఒకటి.

నేను ఆలోచించలేదు. రెండు పిడికిళ్లూ గుండెకు లాక్కున్నాను. సౌమ్య కూడా ఆలోచించలేదు. పొయ్యి దగ్గర నేర్చుకున్నది కదా, చేతులు లాక్కుని వెనక్కి ఒరిగింది. పైన లైట్లు కట్టిన ఇనుప గొట్టం ఊడి సింబల్స్ మీద పడింది. ఒకటి రెండుగా మడతపడిపోయింది.

గొట్టం బిగింపు వదులైందన్నారు. అది ఊడే ముందు చేసిన చప్పుడు, శబ్దాలు పడని నాకు ముందే తెలిసి ఉంటుంది. ఇంకెవరైనా ఈ సంగతి చెబితే నేనూ ఇదే చెప్పి నోరు మూయించేదాన్ని. మరి పది రోజుల ముందు మా బల్ల మీద కొట్టిందేమిటి? నా మొహం కూడా చూడకుండా నాన్న చేతులెందుకు లాక్కున్నారు? ఆ రికార్డింగు తర్వాత ఎన్నిసార్లు విన్నా నాకు నాలుగు సెకన్ల నిశ్శబ్దమే వినబడింది.

ఇంటికొచ్చి నాన్నకు జరిగిందంతా సైగలతో చెప్పాను. మనవరాలి చేతులు రెండూ పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశారు.

“ఆ రోజు మగ్గం తిప్పింది నానే. కొట్టకుండా తిప్పీసినాను,” అన్నారు.

మా అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదట. తర్వాత నా పెదాల వైపు చూస్తూ అడిగారు.

“ఆడు నన్నేటైనా అన్నాడేటి?”

అప్పటి నుంచీ సౌమ్య సాధన చేస్తున్నప్పుడల్లా నాన్న వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చుంటున్నారు. మూడో నిమిషం వచ్చేసరికి తల తిప్పి నా పెదాల వైపు చూస్తారు.