నీళ్లు చల్లిన సున్నం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. నేర్పింది నా మనవరాలు, అది మూడో తరగతిలో ఉండగా. అదే మనవరాలు ఇంటర్లో కెమిస్ట్రీ రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే అల్లూరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీకి పంపిస్తానని నా కొడుకు చెప్పేశాడు.

దానికి రానిది ఒకటే రకం లెక్క. ఒక పదార్థాన్ని కాల్చితే ఏమేం వచ్చాయో, ఎంతెంత బరువో చూసి, మొదట అందులో ఏవి ఏ పాళ్లలో ఉన్నాయో తేల్చాలి. అనుభావిక ఫార్ములా అంటారట. సముద్రపు గుల్లల్లో కాల్షియం ఒకటి, కార్బన్ ఒకటి, ఆక్సిజన్ మూడు అని పుస్తకంలో ఉంది. అదెట్లా తేలిందో దానికి అంతుపట్టలేదు.

"నలభై ఏళ్లు సున్నం బట్టీలో గుల్లలు కాల్చినదాన్ని నేను. కంటితో చూస్తే అదే వస్తాది, రా," అన్నాను.

రొయ్యల కౌంటు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో, చూసే చిన్న కాటా మీద వంద గ్రాముల గుల్లలు తూచి, ముంతలో పెట్టి, మా బట్టీలో కాల్చాం. చల్లారాక నీళ్లు చల్లాను. గుల్లలు బుసబుసా పొంగి పిండి అయ్యాయి. ఆరబెట్టి తూస్తే డెబ్బై నాలుగు.

"నీళ్లెందుకు చల్లినావవ్వా?"

"చల్లకపోతే అది సున్నమెట్టవుతాదే? గుల్లలు తీసి గోడకు పూస్తావా?"

అది నవ్వింది. మిగతా ఇరవై ఆరూ ఎగిరిపోయిన వాయువని రాసుకుంది. సున్నం ఒక పాలైతే వాయువూ ఒక పాలు రావాలట. బరువుల్ని పుస్తకంలోని ఒక్కో పాలు బరువుతో భాగిస్తే దానికి సున్నం పాళ్లు రెండింతలు దాటి వచ్చాయి. నాలుగుసార్లు చేసి కాగితం నలిపేసింది.

"చేత్తో కాల్చి చూసినా రాలా. ఇంక నాకు రాదవ్వా."

"పుస్తకమే తప్పేమోలే," అన్నాను. ఆ మాట నాదే.

అది పరీక్షకే పోలేదు. ఫ్యాక్టరీలో చేరింది.

పుస్తకం ఇంట్లో పడి ఉంటే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను, రోజుకు సగం పేజీ. రెండు నెలలకు ఆ వాక్యం తగిలింది. బట్టీలోంచి తీసినది పొడిసున్నం, నీళ్లు చేరితే దాని బరువు పెరుగుతుంది. ఆరబెట్టినా ఆ నీళ్లు పోవు. మా బట్టీవాళ్లు పొడిది ఎన్నడూ తూచలేదు. తడిపాకే దానికి సున్నమని పేరు. వంద గ్రాముల గుల్లలకు పుస్తకం లెక్కన ఆ నీళ్లు పద్దెనిమిది గ్రాములు. అవి తీసేస్తే సున్నం యాభై ఆరు, వాయువు నలభై నాలుగు. పుస్తకంలో ఒక పాలు సున్నం, ఒక పాలు వాయువు బరువులూ సరిగ్గా అవే. పాళ్లు సమానం.

ఆదివారం అది ఇంటికొచ్చినప్పుడు చెప్పాను. ఐసునీళ్లలో నాని తెల్లబడిన వేళ్లతో అన్నం కలుపుతూ విన్నది.

"అయితే నేను చేసిన లెక్క సరైందేనా?"

"సరైందే. నేనే చెడగొట్టినా."

"ఇప్పుడు చెప్పి ఏం చేసేది? చారు పొయ్యి."

పోశాను.