మర్చిపోయిన పట్టీ

బూటు పాలిష్ రాసింది నేనే. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది.

మా అక్క కారుకి తలుపుల కింద, చక్రాల చుట్టూ, అద్దాల అంచుల్లో ఉండే నల్ల ప్లాస్టిక్ అంతా ఎండకి వెలిసిపోయి బూడిదరంగుకి తిరిగింది. నేను బస్సు కండక్టర్ని. రోజూ పొద్దున్నే బూట్లు తళతళలాడించందే ఇల్లు కదలను. నలుపే కదా, దీనికీ అదే మందు అనుకున్నాను. రెండు డబ్బాలు ఖాళీ చేసి, చెమటలు కక్కుతూ మూడు వైపులా పూశాను. నాలుగో వైపుకొచ్చేసరికి నడుం పట్టేసింది, బద్ధకమేసి డిక్కీ వైపు వదిలేశాను. అరగంటసేపు కారు పెళ్ళికొడుకులా మెరిసింది. ఆ తర్వాత వాన పడింది. తెల్లటి తలుపుల మీద నల్లటి చారలు కారుతుంటే అక్క కిటికీలోంచి చూసి, "ఒరేయ్, దానికి కాటుక పెట్టి మరీ ఏడిపించావు కదరా!" అంది. నవ్వుతూనే అంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ కారు మా బావది. ఎనిమిది నెలల క్రితం ఆయన పోయాడు. అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను మీద ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి. కాగితం చేతుల్లో ఉన్న జిడ్డంతా పీల్చేస్తుందని, వేళ్ళు పగిలిపోతాయని ఎప్పుడూ జేబులో క్రీము డబ్బా ఒకటి ఉండేది. గంటకోసారి తీసి రాసుకునేవాడు. అక్కకి ఆ క్రీముతో ఎంత గొడవో! గ్లాసుల మీద ఆయన వేళ్ళే, టీవీ మీద ఆయన వేళ్ళే, కడిగిన అద్దం మీద కూడా ఆయన వేళ్ళే. "ఈ ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులు మిమ్మల్నే పట్టుకుపోతారు" అని సాధించేది. బావ పోయాక ఇల్లంతా పదిసార్లు తుడిచింది. ఆ తర్వాత, ఎందుకు తుడిచానురా అని నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఇక మిగిలింది కారు ఒక్కటే. అది వాకిట్లో నిలబడి రోజురోజుకీ బూడిదగా మారిపోతుంటే అక్క తట్టుకోలేకపోయింది. బావ నేర్పిస్తే నాకంటే బాగా నడుపుతుంది కూడా. అయినా తాళం ముట్టుకోలేదు.

"తలుపు తీస్తే చాలు, ఎదురుగా అదే. ఆయనుంటే ఇలా ఉండనిచ్చేవాడా? చూడలేనురా. ఆదివారం తుక్కువాడు వస్తానన్నాడు, ఇచ్చేస్తాను" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తుక్కువాడికా? బావ కారా? నీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను. అరుపులకి బెదిరే మనిషి కాదు మా అక్క. చివరికి నేనే దిగొచ్చాను. "ఆదివారంలోగా దాన్ని మనిషిని చేస్తాను. అప్పటికీ నీకు చూడబుద్ధి కాకపోతే నేనే దగ్గరుండి తోయిస్తాను" అన్నాను. సరేనంది. అంత ధీమాగా చెప్పిన నేను చేసిన మొట్టమొదటి పని ఆ బూటు పాలిషు.

పెట్రోలు బంకు వెనక రేకుల షెడ్డులో ఒకావిడ ఈ పని చేస్తుందని మా బస్సు డ్రైవరు చెప్పాడు. ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ నల్లగా ఉంటాయని అందరూ మసిపిన్ని అంటారు, ఆవిడా పలుకుతుంది. అరవై దాటాయి. సన్నగా, పుల్లలా ఉంటుంది. శుక్రవారం పొద్దున్న కారు తీసుకెళ్తే చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు కింద వేలితో గీకి, ఆ వేలు వాసన చూసింది.

"ఎవరు బాబూ ఈ ఘనకార్యం చేసింది?"

"ఎవరో మెకానిక్కు, పిన్నీ. బుద్ధి లేనివాడు" అన్నాను.

ఆవిడ నా మొహం చూడలేదు. నా కాళ్ళకేసి చూసింది. "మీ బూట్లు మాత్రం బాగా మెరుస్తున్నాయి" అని సబ్బునీళ్ళ బకెట్టు తెచ్చుకోవడానికి వెళ్ళింది. బూట్లు వెనక్కి ముడుచుకుని ఓ పాత టైరు మీద కూర్చున్నాను.

ఆ రోజంతా పాలిషు వదిలించడానికే సరిపోయింది. పాత టూత్‌బ్రష్షుతో, ప్లాస్టిక్ మీది గరుకు గీతల్లోంచి తవ్వి తవ్వి తీసింది. తీస్తూ తీస్తూ తన కథ కొంచెం చెప్పింది. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ఇరవై రెండేళ్ళు గడిపిందట. ఇస్త్రీపెట్టె ఎంత కాలిందో చెయ్యి దగ్గరగా పెట్టి చెప్పేస్తుంది. పెద్ద మిషన్లొచ్చి దుప్పట్లు వాటంతటవే మడత పడటం మొదలెట్టాక ఆ పని పోయింది. ఈ షెడ్డులో కార్లు కడగడానికి చేరింది. ఓ రోజు ఎవరో అద్దం మీది స్టిక్కరు ఊడదీయడానికి వేడిగాలి గన్ను పెడుతుంటే, ఆ గాలి పక్కనున్న ప్లాస్టిక్‌కి తగిలి, తగిలినంత మేర నల్లబడటం చూసింది. స్టిక్కరు ఊడింది కదా అని అందరూ వెళ్ళిపోయారు. ఈవిడ మాత్రం అక్కడే నిలబడిపోయింది.

"లోపలే ఉంటుంది బాబూ నలుపు. పైన ఎండిపోతుందంతే. వేడి తగిలితే లోపలి నూనె పైకొస్తుంది. కాస్త ఎక్కువైందా, ఇదిగో" అని గోడ మీది మేకు చూపించింది. కరిగి మెలికలు తిరిగిన ప్లాస్టిక్ ముక్కొకటి దానికి వేలాడుతోంది. "నేను చేసిన మొదటి కారు. అదే నా సర్టిఫికెట్టు."

అంత నవ్వుతూ మాట్లాడే మనిషికి పని దగ్గర మాత్రం మహా పట్టింపు. ఒకసారి వైపరు కింద రెండంగుళాలు బూడిదగానే ఉండిపోయిందని, బంకు దాటి వెళ్ళిపోయిన కారుని కేకలేసుకుంటూ పరిగెత్తి వెనక్కి తెప్పించిందట. షెడ్డు ఓనరు ఇప్పటికీ ఆ కథ చెప్పి నవ్వుతాడు. "సగం పని నా చేతిలోంచి బయటికెళ్ళదు" అంటుంది ఆవిడ. ఇందులో మాత్రం నవ్వు లేదు.

శనివారం సెలవు పెట్టి వెళ్ళాను. ముందు నంబరు ప్లేటు విప్పించింది. దాని వెనక ఎండ ఎన్నడూ చూడని ప్లాస్టిక్ నల్లగా, కొత్తగా ఉంది. ఏ రెండు కార్ల నలుపూ ఒకటి కాదట, ఈ కారుకి ఎంత నలుపు కావాలో అదే చెప్తుందట. తెల్లరంగు రేకు ఉన్న చోటల్లా టేపు అంటించి గన్ను అందుకుంది. కుడిచేత్తో గన్ను ఆడిస్తూ, ఎడమచేతి వెనకవైపుతో వేడి చూసుకుంటూ దాన్ని పక్కనే నడిపించింది. గన్ను ఒక్క క్షణం ఆగలేదు. గాలి ముందు బూడిద వెనక్కి వెనక్కి పారిపోతోంది, దాని వెంటే నలుపు పరిగెత్తుకొస్తోంది. ఒక్క చుక్క రంగు వెయ్యలేదు, ఏమీ పుయ్యలేదు! చూస్తూ చూస్తూ భోజనం సంగతే మర్చిపోయాను.

సాయంత్రానికి మూడు వైపులూ అయ్యాయి. డిక్కీ మూత మీది అడ్డపట్టీ ఒక్కటే మిగిలింది. పాలిషు అంటలేదు కాబట్టి దాన్ని ఆఖరికి అట్టేపెట్టింది. సబ్బుతో కడిగి నీళ్ళు పోసింది. తడిగా ఉన్నంతసేపూ అదీ నల్లగానే ఉంది. ఎండలో ఆరుతున్నకొద్దీ ఆ చివర్నుంచి ఈ చివరికి బూడిదరంగు పాకుతూ వచ్చింది. మధ్యలో నాలుగు చోట్ల ఆగిపోయింది.

పిన్ని వంగి చూసింది. తువ్వాలుతో ఒత్తింది. తడి కాదు. నాలుగు నల్లటి మచ్చలు, పక్కపక్కన. వాటి మీద తన వేళ్ళు ఆనించకుండా, గాల్లోనే ఉంచి చూసుకుంది. కుడిచెయ్యి పెట్టింది, కుదరలేదు. ఎడమచెయ్యి పెట్టింది.

"ఈ బండి నడిపే ఆయనది ఎడమచేతి వాటమా బాబూ?"

"అవును" అన్నాను.

"చేతికి ఏదో జిడ్డు రాసుకునేవారు. రోజూ ఇక్కడే చెయ్యేసి మూసేవారు. ఆ జిడ్డు తాగే ఇక్కడ ఎండిపోలేదు." మెల్లగా అంది, "ఉంగరం వేలు పొట్టిదా?"

పదేళ్ళ క్రితం ఆ కాగితాల మిషను బావ ఉంగరం వేలి పై కణుపు మింగేసింది. ఎప్పుడూ చూడని మనిషి చేతిని ఈవిడ ప్లాస్టిక్ మీద చదివేసింది! నడుం నొప్పి పుట్టకపోయుంటే నా పాలిషు, ఆవిడ బ్రష్షు కలిసి దాన్ని చెరిపేసేవే. ఆయన పోయాడని చెప్పాను. పిన్ని గన్ను స్విచ్చి ఆపేసి కింద పెట్టింది.

"మీ అక్కగారిని పిలవండి. ఇది నేను తేల్చేది కాదు."

అక్క ఆటోలో వచ్చింది. నల్ల అంచులు నిగనిగలాడుతున్న కారు చుట్టూ తిరిగి వెనక్కొచ్చి ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. చిటికెన వేలు, పొట్టి వేలు, రెండు పొడుగు వేళ్ళు.

"వేడి పెడితే పట్టీ అంతా ఒకటే నలుపవుతుందమ్మా. ఇవి అందులో కలిసిపోతాయి. మళ్ళీ తెమ్మంటే నావల్ల కాదు" అంది పిన్ని.

అక్క ఎడమచెయ్యి ఎత్తి ఆ మచ్చల మీద ఆనించింది. అక్క వేళ్ళు సన్నం, చుట్టూ బావ వేళ్ళు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. "ఇల్లంతా తుడిచేశాను పిన్నీ" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "తుక్కువాడికి రావద్దని చెప్పరా." పిన్నితో, "ఈ పట్టీ ఒక్కటీ ఇలా వదిలేస్తారా?" అని అడిగింది.

రెండంగుళాల కోసం రోడ్డు మీద పరిగెత్తిన మనిషి. నేను ఆవిడ మొహంకేసే చూస్తున్నాను. పిన్ని గన్ను తీగ చుట్టి మేకుకి తగిలించింది.

అక్క ఆ సాయంత్రం తనే నడుపుకుంటూ ఇంటికెళ్ళింది. ఇప్పుడు చేతులకి క్రీము కూడా రాసుకుంటోంది. ఏంటక్కా అంటే, "చలికి చేతులు పగులుతున్నాయిరా" అంటుంది. బయట ఎండలు మండిపోతున్నాయి.

మొన్న ఆ కారు కడిగించడానికి షెడ్డుకి తీసుకెళ్ళాను. పక్కనే టాక్సీ ఆపుకున్న ఒకడు మా డిక్కీకేసి చూసి పగలబడి నవ్వాడు. "పిన్నీ! ఇది నువ్వు చేసిన బండేనా? వెనక పట్టీ వదిలేశావేం? కళ్ళు ఆనడం లేదా, వయసైపోయిందా?" అని అందరికీ వినబడేలా అరిచాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ణి నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. పిన్ని కళ్ళతోనే నన్ను ఆపింది.

"అవును నాయనా, మర్చిపోయాను" అంది, బ్రష్షు బకెట్టులో ముంచుతూ.