అక్కకు తినిపించిన రొట్టె

మా కొండల్లో గోధుమ అంటే జబ్బు పడ్డవాళ్ల తిండి. ఒంట్లో బాగున్నంతకాలం చోడంబలి, సామన్నం. మంచం పట్టారంటే మాత్రం చూడ్డానికి వచ్చే ప్రతివాడి చేతిలోనూ బ్రెడ్డు ప్యాకెట్టే. తొంభైల్లో మా అక్క చిక్కిపోవడం మొదలెట్టినప్పుడు ఆమె మంచం కింద ఎన్ని ప్యాకెట్లు చేరాయంటే, పక్క ఊరి చీమలు కూడా మా ఇంటికి కాపురం మార్చాయి. ఇది మాత్రం నా కోతల్లోది కాదు.

అమ్మా నాన్నా పోయాక అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క ఊళ్లో అంగన్‌వాడీ నడిపేది. సర్కారు పంపే గోధుమరవ్వతో పిల్లలకు ఉప్మా వండి, తనూ అదే తినేది. విరేచనాలు, నీరసం, సున్నం పూసినట్టు అరచేతులు. ఆసుపత్రిలో రక్తం తీసిన ప్రతిసారీ మలేరియా కోసమే చూశారు. ఏజెన్సీలో రక్తం తీసేది అందుకే కదా. మలేరియా లేదు. ఐరన్ మాత్రలిచ్చి, తేలిగ్గా అరిగేది పెట్టమన్నారు. అలాంటిదంటే మాకు తెలిసింది పాలూ బ్రెడ్డూ.

ఆమెకు సయించేది కాదు. నేను పాడేరు నుంచి జీపు నడిపేవాణ్ణి. నాలుగు కోతలు కొయ్యందే నా స్టీరింగు తిరిగేది కాదు. ఆ విద్యనంతా అక్క మీద ప్రయోగించాను. ఈ రొట్టె కాల్చినవాడు పూర్వం ఓడలో వంటవాడనీ, వాసన పట్టిన తిమింగలం ఒకటి మూడు రోజులు ఓడ వెంటే వచ్చిందనీ చెప్పాను.

"మరి దానికి పాలెవులు కలిపేర్రా?" అంది అక్క.

నవ్వుతుండగా ఓ ముక్క లోపలికి పోయేది. కథ బాగా కుదిరిన రోజు నాలుగు తినేది. మర్నాడు లేవలేకపోయేది. నేను ఇంకా పెద్ద కథ కట్టుకుని వెళ్లేవాణ్ణి. అలా ఏళ్లు.

రెండువేల సంవత్సరం దాటాక విశాఖపట్నంలో ఒక డాక్టరు పేగులోంచి చిన్న ముక్క తీయించి చూసి, ఆమెకు పడనిది గోధుమేనని తేల్చారు. అది లోపలికి వెళ్లినప్పుడల్లా ఒంట్లోని తెల్లకణాలు రేగి ఆమె పేగునే పాడుచేస్తున్నాయట. ఇన్నాళ్లూ ఎవరు తినిపించారని ఆయన అడగలేదు.

గోధుమ మానిపించాను, అంగన్‌వాడీ కూడా మానిపించాను. చుట్టాలు తెచ్చిన ప్యాకెట్లు గుమ్మంలోనే అందుకుని జీపులో పడేసేవాణ్ణి. రెండు నెలలు తేరుకుంది. జాకెట్లకు కుట్లు విప్పాలేమో అని మురిసిపోయాం. తర్వాత అక్క మళ్లీ చిక్కిపోసాగింది.

ఈసారి రక్తాన్ని వేరే ఊరి ల్యాబుకు పంపారు. కాగితం వచ్చాక డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. తెల్లకణాల్లో ఒక రకంవి మారిపోయి క్యాన్సరులా పెరుగుతున్నాయనీ, పేగులోనే కాదు రక్తంలో కూడా కనిపిస్తున్నాయనీ అన్నారు.

"మొదట్లో వాటిని రేపింది గోధుమే. ఇప్పుడు వాటికి గోధుమతో పని లేదు. తిన్నా మానినా ఆగవు."

కొన్నేళ్లు ముందుగా తెచ్చి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేశారు.

వరండా బెంచీ మీద అక్క సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమన్నారని అడిగింది. రక్తంలో ఏవో కణాలు మారాయన్నారని చెప్పాను.

"ఇంకేటి మానీమన్నారు? సెప్పు, మానేత్తాను."

మానడానికి ఇంకేమీ లేదని చెప్పలేకపోయాను. టీ మానమన్నారని చెప్పాను. అక్క తలూపింది. ఆ తర్వాత బతికిన ఏడు నెలల్లో ఒక్కసారి కూడా టీ ముట్టలేదు.