ఎత్తగల మనిషి

మా ఆఫీసులో అందరూ ఆవిడను టేపక్క అంటారు. గొడుగైనా మరిచిపోతుంది గానీ, సంచిలో కొలత టేపు లేకుండా గడప దాటదు. వానాకాలానికి ముందు ఇల్లిల్లూ తిరిగి, నీళ్లొస్తే ఏ ఇంటికి ముప్పు ఎక్కువో లెక్కగట్టడం మా పని. గడప రోడ్డుకన్నా ఎంత ఎత్తులో ఉంది, మేడ ఉందా, బండి ఉందా, నడవలేని వాళ్లున్నారా, ఇలా ముప్పై ఒక్క ప్రశ్నలు. పన్నెండు మార్కులొస్తే ఆ ఇల్లు ఎర్ర జాబితాకెక్కుతుంది. వరదొచ్చిన రోజు పడవ ముందుగా ఆ ఇళ్లకే వెళుతుంది. ఎక్కువ మార్కులొస్తే ఎవరూ మిఠాయి పంచని పరీక్ష ఇదొక్కటే.

జనం నిజం చెప్పరు. ఇల్లు కూలగొట్టడానికి వచ్చామనుకునే వాళ్లు తమ వీధిలోకి చుక్క నీరు రాదంటారు. ఏదో సాయం ఇస్తారనుకునే వాళ్లు నిక్షేపంగా తిరిగే అత్తగారిని మంచాన పడుకోబెడతారు. టేపక్క నోటిమాట నమ్మేది కాదు, ఇంటిని చూసేది. ఫ్రిజ్ కింద ఇటుకలున్నా, బియ్యం డబ్బా అటకెక్కినా ఇక వాదన అక్కర్లేదు. ఒకసారి ఒకావిడ చుక్క నీరు రాదని ఒట్ల మీద ఒట్లు వేస్తుంటే, "మరి గోడమీద పెళ్లి ఫొటోలో పెళ్లికూతురు నడుం దాకా తడిసిందేంటమ్మా?" అంది. ఆవిడకు నవ్వాగలేదు, నిజం చెప్పేసింది.

సొంత ఇంటి ఫారం సొంతంగా నింపకూడదన్నది నియమం. అందుకని టేపక్క ఇంటికి నేను, మా ఇంటికి ఆవిడ. ఆవిడది సందు చివర రెండు గదుల ఇల్లు. ఊరు పెరిగిన కొద్దీ రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు, గడప ఇప్పుడు రోడ్డుకన్నా జానెడు కిందుంది. మేడ లేదు, బండి లేదు. ముందు గదిలో మంచం మీద వాళ్ల నాన్న. లిఫ్టు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు, పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. "ముప్పై ఏళ్లు జనాన్ని పైకి చేర్చానయ్యా, నేను మాత్రం గ్రౌండు ఫ్లోరులోనే ఉండిపోయాను" అని నవ్వేవాడు. ఆయనకు కూతురు తప్ప ఎవరూ లేరు.

మార్కులు సరిగ్గా పన్నెండు తేలాయి. చివరి ప్రశ్న మిగిలింది. అవసరమైతే రోగిని ఎత్తుకెళ్లగల మనిషి ఇంట్లో ఉన్నారా? ఉంటే రెండు మార్కులు తగ్గించాలి.

"ఉన్నారు, రాసుకో తమ్ముడూ" అంది టేపక్క. "నేను లేనూ? రోజూ స్నానానికి ఎత్తుకెళ్లేది ఎవరనుకున్నావు?"

మంచం మీద ఆయన మొహం వెలిగింది. ఆవిడ చెప్పింది అబద్ధమూ కాదు. నేను పది అని రాసేశాను, ఆ ఇల్లు ఎర్ర జాబితాకెక్కలేదు. వాన ముదిరిన రోజు మాకు సెలవులు రద్దు, పొద్దున్నే జీపొచ్చి అందర్నీ ఆఫీసుకు ఎక్కించుకుపోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఊరందరి అబద్ధాలూ పట్టే మనిషికి ఆ క్షణాన అది తట్టలేదు. పెన్ను పట్టుకు కూర్చున్న నాకూ తట్టలేదు. ఇందులో సగం తప్పు నాదే.

ఆ ఏడు వాన మూడు రోజులు వదల్లేదు. మూడో రోజు ఉదయం ఆరింటికి జీపొచ్చింది. టేపక్క నాన్నకు టీ తాగించి, పక్కింటి దర్జీకి తాళం ఇచ్చి ఎక్కింది. కంట్రోల్ రూములో జాబితా ఆవిడ చేతిలోనే ఉంది. పడవవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా తర్వాతి ఇల్లు ఏదో చెప్పాలి.

పదకొండింటికి దర్జీ ఫోన్ చేశాడు. నీళ్లు మంచం పట్టె దాకా వచ్చాయని, పెద్దాయనను తానొక్కడే లేపలేకపోతున్నానని చెప్పాడు.

"పిన్నిని కూడా పిలవండి బాబాయ్, ఎత్తుగా ఏదుంటే దాని మీదికి చేర్చండి" అని ఫోన్ పెట్టేసింది. జాబితాలో ఇంకా ఇరవై మూడు ఇళ్లున్నాయి.

"ముందు మీ ఇల్లు చెప్పెయ్యక్కా. ఎవరడుగుతారు?" అన్నాను.

"ఎవరూ అడగరు" అంది. "ఈ గడపలన్నీ నేను తొక్కినవే. తర్వాతి ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్న ముసలావిడ ఉంది. ఆ తర్వాత నిండు చూలాలు. ఎవర్ని ఆగమనమంటావు?"

ఆవిడ మీద కోపమొచ్చింది, అంతకు రెట్టింపు నా మీద వచ్చింది. ఆవిడ ఒక్కో ఇల్లూ చదువుతూ పోయింది. మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగి మళ్లీ చదివింది.

పడవ టేపక్క వాళ్ల సందుకు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. దర్జీ తన బట్టలు కత్తిరించే బల్ల తెచ్చి, భార్యతో కలిసి పెద్దాయనను ఎలాగో దాని మీదికి చేర్చాడు. నడుముల్లోతు నీళ్లలో ఇద్దరూ చెరో పక్కన నిలబడి ఆయన జారిపోకుండా పట్టుకున్నారు. ఆయన బతికాడు. నెమ్ము చేరి నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

మరుసటి ఏడు మళ్లీ ఫారాలొచ్చాయి, మళ్లీ నేనే వెళ్లాను. చివరి ప్రశ్న దగ్గరికొచ్చాం. టేపక్కే ఫారం లాక్కుని పైకి చదివి, ఎవరూ లేరని రాయమంది.

మంచం మీద ఆయన తల తిప్పాడు. "అదేంటమ్మా, నువ్వున్నావుగా?"

ఆవిడ వెళ్లి ఆయన పక్కన కూర్చుని, దుప్పటి సర్దింది. "ఆ రోజు నేనుండను నాన్నా" అంది.

ఆయన నా వైపు తిరిగి, "రాసుకో నాయనా" అన్నాడు. "అమ్మాయి లేదని రాసుకో."